నిలుచుండి పాడిన గొంతు

భారతకథను కూర్చుండి పాడటం ఒక పద్ధతి. నిలుచుండి పాడటం మరొక పద్ధతి. చూచేవారికి ఇది చిన్న తేడాగానే తోచవచ్చు. కాని ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఈ తేడా ఒక బాలిక బతుకును తలకిందులు చేసింది. ఆమెను సొంత కులం చేత వెలి వేయించింది. చివరకు దేశం తన పౌరులకిచ్చే రెండవ అత్యున్నత పురస్కారం వరకూ ఆమెను నడిపించింది. ఆమె పేరు తీజన్ బాయి. ఆమె పాడినది పండవానీ, అనగా పాండవుల కథ.

పండవానీలో రెండు శాఖలున్నాయి. మొదటిది వేదమతి. ఈ శాఖకు చెందిన గాయకుడు కూర్చుండి, గ్రంథంలో ఉన్న కథను క్రమం తప్పకుండా పాడతాడు. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ ఈ మార్గంలో పేరెన్నికగన్నవారు. రెండవది కాపాలికం. కపాలంలో, అంటే తలలో నిలిచి ఉన్న కథ గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడ గాయకునికి గ్రంథంతో నిమిత్తం లేదు. జ్ఞాపకమే అతని పుస్తకం. అతడు లేచి నిలుచుంటాడు, నడుస్తాడు, గర్జిస్తాడు, విలపిస్తాడు. ఒక క్షణం కథకుడుగా ఉండి మరుక్షణం భీముడవుతాడు.

కూర్చున్న గాయకుడు కథకు సాక్షి. నిలుచున్న గాయకుడు కథలో పాత్రధారి. తీజన్ బాయి కాలం వరకూ ఆ ప్రాంతంలో స్త్రీ పండవానీ పాడదలచుకుంటే వేదమతి పద్ధతిలో కూర్చుండి పాడవలసిందే. సభ నడుమ లేచి, కాలు నేలకు తాటించి, శత్రువును సవాలు చేసే హక్కు పురుషునిది. ఆ హక్కును తనదిగా చేసుకున్న మొదటి స్త్రీగా తీజన్ బాయి పేరు నిలిచిపోయింది.

కొలిమి పక్కన పల్లె

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వమూ సోవియట్ యూనియనూ ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా పొలాల నడుమ భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి వచ్చిన ముడి ఇనుము ఆ కొలుములలో కరిగి, దేశమంతటా పరచుకున్న రైలు పట్టాలుగా మారింది. పని వెతుక్కుంటూ నలుమూలల నుంచి జనం వచ్చారు. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. సెక్టార్ల వారీగా తీర్చిన వీథులలో తెలుగు, బెంగాలీ, మలయాళం, పంజాబీ, ఒడియా మాటలు కలగలిసి వినిపించే చిన్న భారతదేశం ఒకటి ఏర్పడింది.

ఆ పట్టణానికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో గనియారీ అనే పల్లె ఉన్నది. ఉక్కు ఒప్పందం కుదిరిన మరుసటి ఏడు, 1956లో, తీజన్ బాయి అక్కడ జన్మించింది. తండ్రి చునుక్‌లాల్, తల్లి సుఖ్‌వతీ. వారిది పార్ధీ కులం. ఒకప్పుడు పక్షులను, చిన్న జంతువులను వేటాడి జీవించిన జాతి అది. అటువంటి ఇంట పుట్టిన ఆడపిల్లకు బడి అందుబాటులో లేదు. ఆమె అక్షరాలు నేర్వలేదు.

కాని చెవులు ఉన్నాయి. తల్లివైపు తాత బ్రిజ్‌లాల్ భారతకథ పాడేవాడు. సబల్‌సింగ్ చౌహాన్ అనే కవి దోహా, చౌపాయీ ఛందస్సులలో రచించిన మహాభారతం ఆయనకు ఆధారం. ఆయన పాడుతుండగా వినడమే ఆ పిల్లకు చదువయింది. వినగా వినగా కథ ఆమె నాలుకపైకి వచ్చింది. తరువాత ఉమేద్‌సింగ్ దేశ్‌ముఖ్ అనే కళాకారుని వద్ద కొంత శిక్షణ పొందింది. అది గురుకులం వంటి పద్ధతైన చదువు కాదు. పనిపాటల నడుమ దొరికిన వేళలలో సాగిన అభ్యాసం అది.

పది రూపాయల కచేరీ

పన్నెండవ ఏట ఆమెకు పెళ్లి చేశారు. పదమూడవ ఏట దుర్గ్ జిల్లాలోని చంద్రఖురీ గ్రామంలో ఆమె మొట్టమొదటి సారి నలుగురి ఎదుట నిలుచుండి పాడింది. ఆ ప్రదర్శనకు ముట్టిన పారితోషికం పది రూపాయలు.

ఆ పది రూపాయలకు ఆమె చెల్లించిన మూల్యం చాలా పెద్దది. ఆడది అయి ఉండి పండవానీ పాడుతున్నందుకు పార్ధీ సమాజం ఆమెను వెలివేసింది. పల్లెటూరిలో వెలి అంటే ఏమిటో తెలిసిన వారికి ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. నిప్పు అడిగే ఇల్లు ఉండదు, కష్టం చెప్పుకొనే అరుగు ఉండదు. ఆమె చిన్న గుడిసె వేసుకుని ఒంటరిగా కాపురముండసాగింది. వంటపాత్రలు లేవు. ఇరుగుపొరుగు వారి వద్ద గిన్నెలు ఎరువు తెచ్చుకున్నది, గింజలు కూడా అడిగి తెచ్చుకున్నది. తొలి వివాహంలోని భర్త ఇంటికి ఆమె కాపురానికి వెళ్లనే లేదు. ఆ బంధం తెగిపోయింది.

పాట మానివేస్తే ఇవన్నీ తిరిగి దక్కి ఉండేవేమో. కులమూ ఇల్లూ ఒక పక్క, పాట ఒక పక్క నిలిచినప్పుడు ఆమె పాటను ఎంచుకున్నది. ఆనాడు ఆమెకు ముందు చూపించిన దారి ఏదీ లేదు. బిరుదులు వస్తాయని చెప్పినవారు లేరు. ఏ ఊరి నుంచి పిలుపు వస్తుందో, వచ్చిన పిలుపు ఎన్ని పూటల బువ్వ అవుతుందో తెలియని స్థితి అది. అందుచేత ఆ ఎంపికను నేటి కీర్తి వెలుగులో చూడరాదు. ఆ గుడిసె చీకటిలో చూడాలి.

తెలుగువారికి ఈ వ్యథ పూర్తిగా కొత్తది కాదు. మన జంగం కథలలో కథ నడిపేది పురుషుడు. పక్కన నిలిచి వాద్యం మోగిస్తూ వంత పాడేది ఇల్లాలు. ఆ కథల నుంచే నేటి బుర్రకథ పెరిగింది. దానిని ఉద్యమాల వేదికపైకి తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ పేరు తెలుగునాట ఎరుగనివారు అరుదు. హరికథకు ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె, చేతికి చిరతలు ఇచ్చి నిలువెత్తు గౌరవం కల్పించారు. ఈ కళలన్నిటిలోనూ కథకుని స్థానం సభ నడుమ. వంతపాట స్థానం ఒక అడుగు వెనుక. ఆ ఒక్క అడుగు ముందుకు వేయడానికి స్త్రీకి ఎంత కాలం పట్టిందో మన కళల చరిత్ర కూడా చెబుతుంది.

ఒక తంబురా, పది రూపాలు

ఆమె ప్రదర్శనకు కావలసిన సరంజామా చాలా స్వల్పం. తెర లేదు, రంగస్థలాలంకరణ లేదు. హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీరాలు వాయించే నలుగురైదుగురు వెనుక కూర్చుంటారు. వారిలో ఒకరు 'రాగీ'. కథకు ఊఁ కొట్టడం, అడుగడుగునా ప్రశ్నలు వేయడం, శ్రోతల మనస్సులోని సందేహాన్ని వారి తరఫున అడగడం అతని పని. మన బుర్రకథలో వంతల వారు చేసే పని ఇంచుమించు ఇదే. రాగీ బలహీనుడైతే కథ కుంటుతుంది. అతడు చురుకైనవాడైతే కథకురాలు మరింత పదునెక్కుతుంది.

ప్రదర్శన వేళ సమీపిస్తుండగా గాయని సిద్ధమవుతుంది. మెరిసే అంచు చీర, వెండి నగలు, నుదుట పెద్ద బొట్టు, తాంబూలంతో ఎర్రబడిన పెదవులు. చేతిలో నెమలి ఈకలు, చిరుగంటలు కట్టిన తంబురా. మరొక చేతిలో కరతాళాలు. దైవప్రార్థన ముగిసిన క్షణం నుంచి ఆ తంబురా వాద్యం మాత్రమే కాదు. భీముని చేతిలో అది గద. అర్జునుని భుజాన అది గాండీవం. మరొకసారి అది రథం. ద్రౌపది దుఃఖిస్తున్నప్పుడు అది విరబోసుకున్న జుట్టు. ఒకే వస్తువును ఇన్ని విధాలుగా చూపించగలగడం కంటె, చూచేవారి చేత ఆ విధంగా చూపించుకోగలగడం గొప్ప విషయం. శ్రోతల ఊహ సహకరించకపోతే తంబురా తంబురాగానే మిగిలిపోతుంది.

తీజన్ బాయి పాడిన ఘట్టాలలో దుశ్శాసన వధ మిక్కిలి ప్రసిద్ధం. తెలుగువారికి ఈ ఘట్టం తిక్కన కర్ణపర్వంలో పరిచితమే. సభలో జరిగిన అవమానమూ, భీముని ప్రతిజ్ఞా, యుద్ధరంగంలో ఆ ప్రతిజ్ఞ నెరవేరడమూ మనం ఎన్నోసార్లు చదివాము, విన్నాము. అయితే ఆ కథను పురుషుడు చెప్పినప్పుడు అది ఒక వీరుని పగ. వెలికి గురైన ఒక స్త్రీ నిలుచుండి, తానే భీముడై, తానే ద్రౌపదియై చెప్పినప్పుడు అందులో మరొక ధ్వని వినిపిస్తుంది. అవమానింపబడినదీ ఆమె గొంతే, ప్రతీకారం చేసినదీ ఆమె గొంతే. ఈ విషయాన్ని ఆమె ఉపన్యాసంగా చెప్పనక్కరలేకపోయింది. కథ చెబితే చాలింది.

పండవానీలో నాయకుడు భీముడు. మన పద్యనాటకాలలో శ్రీకృష్ణుని రాయబారానికి దక్కిన ఆదరణ అక్కడ భీముని బలానికి దక్కుతుంది. కడుపునిండా తిని, ఒళ్లు వంచి పనిచేసి, అన్యాయాన్ని చూచి కోపం ఆపుకోలేని వాడు రైతుకూలీకి దగ్గరివాడు. సంస్కృత భారతంలోని ధర్మసూక్ష్మాలు అతనికి అందకపోవచ్చు. భీముని ఆకలి అందుతుంది, భీముని కోపం అందుతుంది. భాష కూడా వారి ఇంటి ఛత్తీస్‌గఢీ భాషే. హస్తినాపురం దుర్గ్ జిల్లాలోని మరొక ఊరులా వారి కళ్లకు కడుతుంది.

అక్షరాలు రాని మనిషి ఇంత పెద్ద కథను ఎట్లా గుర్తుంచుకుంటుందని పట్టణవాసులు ఆశ్చర్యపోతారు. ఈ ప్రశ్నకు 1930లలో ఒక సమాధానం దొరికింది. మిల్మన్ పారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ అనే అమెరికన్ పండితులు యుగోస్లావియా కొండపల్లెలు తిరిగి, నిరక్షరాస్యులైన గాయకులు వేల చరణాల వీరగాథలను పాడుతుండగా రికార్డు చేశారు. ఆ గాయకులు కంఠస్థం చేసిన పాఠాన్ని వప్పచెప్పడం లేదని వారు గ్రహించారు. కథ నడక, అలవాటైన పదబంధాలు, లయ వారి స్వాధీనంలో ఉన్నాయి. వాటితో ప్రతిసారీ కథను సరికొత్తగా అల్లుతున్నారు. లార్డ్ 1960లో ప్రచురించిన గ్రంథంతో ఈ సంగతి లోకానికి తెలిసింది. కాపాలిక శాఖ మర్మం కూడా ఇంచుమించు ఇదే. సభను బట్టి కథ పెరుగుతుంది, తరుగుతుంది. నిన్న జరిగిన సంగతి ఒకటి నేటి కౌరవ సభలోకి వచ్చి చేరుతుంది. చదువు లేకపోవడం ఆమెకు లోటే కావచ్చు. కాని ఆ లోటును పూడ్చిన విద్య సామాన్యమైనది కాదు.

పల్లె దాటిన పాట

రాయపూర్‌లో పుట్టి, 1959లో నయా థియేటర్ స్థాపించి, ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులకు దేశ రంగస్థలంపై చోటు చూపిన హబీబ్ తన్వీర్ దృష్టి ఆమెపై పడింది. అది మలుపు. ప్రధాని ఇందిరాగాంధీ సమక్షంలో పాడే అవకాశం ఆమెకు లభించింది. నెహ్రూ రచన ఆధారంగా శ్యామ్ బెనెగల్ రూపొందించిన 'భారత్ ఏక్ ఖోజ్' 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైనప్పుడు మహాభారత భాగంలో ఆమె పండవానీ చోటు చేసుకున్నది. అంతవరకు ఛత్తీస్‌గఢ్ పేరు వినని ఇళ్లలో కూడా ఆ గర్జన వినిపించింది. ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైనది 2000 నవంబరు 1న. అంతకు పన్నెండేళ్ల ముందే ఆ నేలకు దేశం ఎదుట ఒక గొంతు దొరికింది.

ఆ తరువాత సముద్రాలు దాటిన ప్రయాణాలు మొదలయ్యాయి. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండు, టర్కీ, ట్యునీషియా, మాల్టా, సైప్రస్, రుమేనియా, మారిషస్. ఛత్తీస్‌గఢీలో ఒక్క మాట తెలియని సభలు అవి. అయినా తంబురా భుజం మీదకు ఎక్కగానే అది ఆయుధమని అక్కడివారికి తెలిసిపోయేది. కోపానికీ శోకానికీ అనువాదం అవసరం లేదు.

భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది. ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు. జానపద కళాకారుని అసలు శత్రువు నిరాదరణ కంటె అనిశ్చితి. పంట బాగుంటే పిలుపు, వాన పడకపోతే పస్తు. నెలనెలా వచ్చే జీతం ఆమెను ఆ భయం నుంచి తప్పించింది. ఉద్యోగం ఉన్నదని పాట తగ్గలేదు. రైలు పట్టాలు పోతపోసే సంస్థ జీతాల పట్టికలో ఒక పండవానీ గాయని పేరు ఉండటం భిలాయికి గర్వకారణమైనది.

పురస్కారాలు వరుసగా వచ్చాయి. పద్మశ్రీ, 1995లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 2003లో పద్మభూషణ్, 2018లో జపాన్ దేశపు ఫుకువోకా బహుమతి, 2019లో పద్మవిభూషణ్. 2003లోనే బిలాస్‌పూర్‌లోని విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డి.లిట్. పట్టా ఇచ్చింది. బడి గడప తొక్కని మనిషికి విశ్వవిద్యాలయం తలవంచిన సందర్భం అది.

వేదిక ఇచ్చినది, పుచ్చుకున్నది

అయితే కీర్తితోపాటు కొన్ని ప్రశ్నలు కూడా వచ్చాయి. పల్లెలో పండవానీ రాత్రంతా సాగేది. కొన్నిసార్లు రోజుల తరబడి సాగేది. పిల్లలు నిద్రపోయేవారు, లేచేవారు, కథ ఇంకా నడుస్తూనే ఉండేది. పట్టణ ఉత్సవాలలో గంట, గంటన్నర కాలం ఇస్తారు. ఆ వ్యవధిలో పద్దెనిమిది పర్వాలకు చోటెక్కడిది? అందుచేత రౌద్రం ఉట్టిపడే రెండు మూడు ఘట్టాలే మళ్లీ మళ్లీ ప్రదర్శనకెక్కుతాయి. నెమ్మదిగా విప్పవలసిన కథలు, నవ్వించే పిట్టకథలు, వనవాసంలోని చిన్నచిన్న సంగతులు వెనుకబడతాయి. కళను బ్రతికించిన వేదికే దాని కొలతలను కూడా నిర్ణయించింది. బుర్రకథ రేడియో పావుగంటలో ఒదగవలసి వచ్చినప్పుడు మన కళాకారులకూ ఇదే సమస్య ఎదురయింది.

మరొక ప్రశ్న వారసత్వానిది. పుస్తకంలో ఉన్న విద్యకు పుస్తకమే రక్ష. తలలో ఉన్న విద్యను మరొక తలలోకి పంపకపోతే అది మనిషితోనే ముగుస్తుంది. తీజన్ బాయి ఈ సత్యం ఎరిగినవారు. తన వద్దకు వచ్చిన అమ్మాయిలకు ఆమె పండవానీ నేర్పారు. తాను తాత వద్ద నేర్చిన పద్ధతే అది. ముందు వినాలి, తరువాత వంత పాడాలి, ఆ తరువాతనే తంబురా చేతికి వస్తుంది. దుర్గ్, భిలాయి ప్రాంతంలో ఆమె తరువాతి తరం గాయనులు ముందుకు వచ్చారు. వేదమతిలో రీతూ వర్మ పేరు పొందారు. భిలాయిలోనే పుట్టి కాపాలిక శాఖలో పాడిన ఉషా బార్లేను 2023లో పద్మశ్రీ వరించింది.

2020 తరువాతి సంవత్సరాలలో వయోభారమూ అనారోగ్యమూ తీజన్ బాయిని వేదికకు దూరం చేశాయి. అర్ధశతాబ్దం పైగా నిలుచుండి పాడిన శరీరం విశ్రాంతి కోరింది. కాపాలిక గాయనికి గొంతు ఒక్కటే చాలదు. కాళ్లు కావాలి, భుజాలు కావాలి, గద ఎత్తగల ఊపిరి కావాలి. అవి అలసిన రోజున ఆ శైలి ఎంత శ్రమతో కూడినదో లోకానికి అర్థమవుతుంది. అన్నేళ్లు అలవోకగా కనిపించినది ఎంతటి సాధనో అప్పుడు తెలుస్తుంది.

ఒక కళాకారుని జీవితాన్ని లెక్క కట్టడానికి పతకాలు సులువైన కొలత. తీజన్ బాయి విషయంలో మరొక కొలత ఉన్నది. ఆమె పదమూడవ ఏట ఒక ఆడపిల్ల సభలో లేచి నిలుచుండి భారతం పాడటం వెలి వేయదగిన నేరం. నేడు అదే దుర్గ్ జిల్లాలో ఒక అమ్మాయి తంబురా భుజాన వేసుకుని లేచి నిలుచుంటే, జనం ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చుంటారు. ఏ ఘట్టం పాడబోతున్నదని రాగీని అడుగుతారు. ఆమె నిలుచున్న సంగతిని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు.